మూసీని నడిచి దాటండి

నిరుడు చలికాలం మొదట్లో మా పెదనాయన కంటి ఆపరేషన్ తరువాత చేసే పరీక్ష కోసం సూర్యాపేట పక్కనున్న మా ఊరి నుంచి హైదరాబాదు వచ్చారు. డెబ్బై ఏళ్లు దాటిన ఆయన ఈ నగరానికి ఎన్నిసార్లు వచ్చి ఉంటారో లెక్క లేదు కాని, వచ్చిన ప్రతిసారీ ఆసుపత్రికో కచేరీకో వెళ్లి, పని కాగానే సాయంత్రం బస్సుకు తిరిగి వెళ్లిపోయేవారు. ఈసారి పరీక్ష పొద్దున్నే అయిపోయింది. "ఒక్కసారి చార్మినార్ సూపియ్యి బిడ్డా" అని అడిగారు. అందరూ చేసే పనే నేనూ చేసి కారు మాట్లాడాను. అఫ్జల్‌గంజ్ చేరేసరికి ముందు బస్సులు, వెనుక ఆటోలు. ఇరవై నిమిషాలు గడిచినా బండి నాలుగు గజాలు కదలలేదు. నల్లద్దాలలోంచి ఇదంతా చూస్తున్న పెదనాయన "గీడ కూసునుడు కంటె దిగి నడుసుడే నయం" అన్నారు. దిగాము.

నయాపూల్ వంతెన మీద సగం దూరం వెళ్లాక ఆయన ఆగి, పిట్టగోడ మీద చెయ్యి వేసి కిందికి చూశారు. బండరాళ్ల నడుమ నల్లని నీరు నురగ కట్టి పారుతోంది. వాసన భరించడం కష్టం.

"ఇదేం వాగు బిడ్డా?"

"వాగు కాదు పెదనాయనా, మూసీ."

"మన మూసేనా?"

కేతేపల్లి దగ్గర మూసీ ప్రాజెక్టు కాలువ కింద రెండెకరాలు సాగు చేసి పిల్లలను చదివించిన మనిషి, ఆ నీటిని ఇన్నేళ్లుగా బస్సు కిటికీలోంచి ఎన్నిసార్లు దాటారో తెలియదు కాని, అది తన నది అని గుర్తుపట్టింది ఆ రోజే. ఇరవై ఏళ్లకు పైగా ఈ ఊళ్లో ఉంటున్న నేను కూడా, ఆ వంతెన మీద అంతసేపు నిలబడింది అదే మొదటిసారి. అప్పటి నుంచి ఊరి నుంచి ఎవరు వచ్చినా వారిని ఇదే దారిలో నడిపిస్తున్నాను. పెద్ద నగరాన్ని కాలినడకన చూడాలనుకునేవారికి నేను చెప్పదలచుకున్నది కూడా ఆ దారి నేర్పిందే: చూడవలసిన చోట్ల చిట్టా పట్టుకొని బయలుదేరకండి, ఒక ప్రశ్నను పట్టుకొని ఒకే దారిలో వెళ్లండి. హైదరాబాదులో ఆ ప్రశ్న, మూసీ ఈ ఊరిని ఏం చేసింది అన్నది. ఆ దారి మొజంజాహీ మార్కెట్ నుంచి చార్మినార్ దాకా, ఉత్తరం నుంచి దక్షిణానికి, సుమారు మూడు కిలోమీటర్లు.

చిట్టాతో వెళ్లేవారి రోజు ఎలా గడుస్తుందో నాకు బాగా తెలుసు. చార్మినార్ దగ్గర దిగుతారు, ఫొటో తీసుకుంటారు, లాడ్ బజార్‌లో గాజులు కొంటారు, ఆటో ఎక్కి సాలార్‌జంగ్ మ్యూజియానికి వెళ్తారు, అక్కడి నుంచి మరో బండిలో గోల్కొండకు వెళ్తారు. సాయంత్రానికి నాలుగైదు కట్టడాలు చూసినట్టు ఉంటుంది కాని, ఒకదానికీ మరొకదానికీ నడుమ ఏముందో, ఒకటి అక్కడే ఎందుకు ఉందో వారికి అందదు. నగరమంటే ఆ నడుమ ఉన్నదే అని నా గట్టి నమ్మకం. దానిని చూడటానికి కాళ్లు తప్ప వేరే సాధనం లేదు.

మెట్రోలో వచ్చేవారు గాంధీభవన్ స్టేషన్‌లో దిగితే మొజంజాహీ మార్కెట్ దగ్గరే. 1935లో నల్లరాతితో కట్టిన ఈ మార్కెట్‌కు చివరి నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ తన రెండవ కుమారుడి పేరు పెట్టాడు. గడియారం ఉన్న గోపురం కింద నిలబడి ఆ రాతి పనిని ఒకసారి పరీక్షగా చూడండి. నది దాటాక ఇదే రాయి, ఇదే చెక్కుడు మళ్లీ కనిపిస్తుంది, అప్పుడు పోల్చుకోవచ్చు. ఉదయం వెళ్తే ఎడమ చేతి వైపు, అంటే తూర్పు వైపు కాలిబాట పట్టండి. ఆ వైపు భవనాల నీడ రోడ్డు మీదికి పడుతుంది. మధ్యాహ్నం తరువాత అయితే అవతలి వైపు నడవాలి. దక్షిణానికి సాగే దారి కాబట్టి ఈ ఒక్క సూత్రం ఎండ బాధను సగానికి తగ్గిస్తుంది.

మార్కెట్ నుంచి సిద్దిఅంబర్ బజార్ మీదుగా అఫ్జల్‌గంజ్ దాకా ఉన్న ముక్క నడవడానికి అన్నింటికన్నా కష్టమైనది. కుడి పక్క సందులన్నీ బేగంబజార్ వైపు పోతాయి. ఇత్తడి బిందెలు, ఎండుమిర్చి బస్తాలు, ప్లాస్టిక్ సామాను, తోపుడు బళ్లు. ఇక్కడ కాలిబాట గురించి నా మనసులోని మాట చెప్పక తప్పదు. రోడ్ల ప్రమాణాలు నిర్ణయించే ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 2012 నాటి మార్గదర్శకాల ప్రకారం కాలిబాటలో అడ్డు లేని వెడల్పు కనీసం 1.8 మీటర్లు ఉండాలి, అంచు ఎత్తు 150 మిల్లీమీటర్లు మించకూడదు. చేతిలో సంచులతో ఎదురెదురుగా వచ్చే ఇద్దరు తాకకుండా తప్పుకోవడానికి కావలసిన కొలత అది. ఈ ముక్కలో కొన్నిచోట్ల అంచు మోకాలి ఎత్తు ఉంటుంది, ఒక దుకాణం ముందు ఎక్కి మరో దుకాణం ముందు దిగవలసి వస్తుంది, ఆ పైన నిలిపి ఉంచిన మోటారు సైకిళ్లు. ఒక వానాకాలం నేను ఇలాంటి ఒక కాలిబాట మీదే కదిలే పలక మీద కాలు వేసి పడ్డాను. మడమ వాపు తగ్గడానికి మూడు వారాలు పట్టింది.

కాలిబాటలు పాడైపోవడానికి వీధి వ్యాపారులే కారణమని చాలామంది అంటారు. ఈ మాటతో నేను ఏకీభవించను. తోపుడు బండి మనిషి కొంత చోటు తీసుకుంటాడు, నిజమే. కాని అతడు కళ్లున్న మనిషి. వృద్ధులు వస్తే బండి కాస్త జరుపుతాడు, దారి అడిగితే చెప్తాడు, పొద్దు గూకిన తరువాత ఒంటరి ఆడమనిషికి ఆ వీధిలో ధైర్యం అతని దీపమే. నిలిపి ఉంచిన మోటారు సైకిల్ ఇందులో ఏ ఒక్కటీ చేయదు. 2014లో పార్లమెంటు చేసిన వీధి వ్యాపారుల చట్టం వారి జీవనోపాధికి రక్షణ ఇచ్చి, అమ్ముకోవడానికి చోట్లు కేటాయించమని చెప్పింది. నడిచేవారి తగాదా వారితో కాదని ఆ చట్టాన్ని చదివినా, ఆ దారిలో నాలుగుసార్లు నడిచినా అర్థమవుతుంది. కాలిబాట మీద బండ్లు నిలపడం ఆపితే పాదచారులకూ వ్యాపారులకూ చాలినంత చోటు అక్కడే ఉంది.

అఫ్జల్‌గంజ్‌లో ఒక ఇరానీ హోటల్లో చాయ్ తాగి, రెండు ఉస్మానియా బిస్కెట్లు తిని, అక్కడి నుంచి నెమ్మదిగా వెళ్లండి. అసలు ప్రశ్నకు జవాబు ఇక్కడే మొదలవుతుంది. 1908 సెప్టెంబర్ 28న మూసీ పొంగి ఈ ప్రాంతాన్ని ముంచెత్తింది. చనిపోయినవారు పదిహేను వేల దాకా ఉంటారని అంచనా. ఉర్దూ కవి అమ్జద్ హైదరాబాదీ ఆ వరదలో తల్లిని, భార్యను, కూతురిని పోగొట్టుకొని తాను ఒక్కడే బయటపడ్డాడు. కుడి వైపు ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో ఒక పాత చింతచెట్టు ఉంది. ఆ రోజు దాని కొమ్మలెక్కి సుమారు నూటయాభై మంది ప్రాణాలు దక్కించుకున్నారు. రోగుల బంధువులు ఆ నీడల్లోనే చాపలు పరచుకొని, టిఫిన్ డబ్బాలు విప్పుకొని తింటుంటారు. ఆ చెట్టు కింద నిలబడి తలెత్తి కొమ్మల ఎత్తు చూసి, తరువాత నది వైపు తిరిగి అది ఎంత కింద ఉందో చూడండి. ఆ రెండింటి మధ్య ఉన్న ఎత్తును మనిషి కంటితో కొలవగలడు. పుస్తకంలోని ఏ అంకె కూడా నాకు అంత స్పష్టంగా చెప్పలేకపోయింది.

ఆసుపత్రి అని గుర్తుంచుకోండి. అక్కడివారు నొప్పిలో ఉంటారు కాబట్టి ఫొటోల కోసం వార్డుల వైపు వెళ్లకండి, చెట్టు దగ్గర కూడా గొంతు తగ్గించి మాట్లాడండి. 1925లో పూర్తయిన పాత భవనం ఇప్పుడు ఖాళీగా ఉంది. 2020 జూలైలో వాన నీరు వార్డుల్లోకి రావడంతో రోగులను అక్కడి నుంచి తరలించారు. వరద తరువాత వెలసిన ఆసుపత్రి చివరికి నీటి వల్లే ఖాళీ కావడం ఆ ఆవరణలో నిలబడినప్పుడల్లా నాకు బాధ కలిగిస్తుంది.

ఇక వంతెన ఎక్కాలి. వంతెన మీద ఆగనివారు ఈ నగరాన్ని చూడనట్టే అంటాను. పడమటి వైపు, పైకి పోతే పురానాపూల్ ఉంది. దానిని 1578లో ఇబ్రహీం కులీ కుతుబ్‌షా కట్టించాడు; చార్మినార్‌కూ నగరానికీ పునాది పడింది 1591లో. అంటే ఊరి కంటే పదమూడేళ్ల ముందే వంతెన వచ్చింది. గోల్కొండ నుంచి నది దాటి మచిలీపట్నం రేవు వైపు పోయే దారి ముందు ఏర్పడి, ఆ దారి మీద నగరం తరువాత వెలసింది. 1908 వరదకు తట్టుకొని నిలిచిన పాత వంతెన కూడా అదే. నగరం నడక దారి మీద పుట్టిందన్న మాటను నేను అలంకారంగా వాడటం లేదు. ఈ రెండు సంవత్సరాలను పక్కపక్కన పెట్టి చూస్తే వేరే అర్థం రాదు.

తెలుగువారికి ఈ వంతెన మరొక కారణం చేత కూడా ముఖ్యమైనది. నదికి ఉత్తరాన, ఇప్పటి కోఠి, సుల్తాన్ బజార్ ప్రాంతం ఒకప్పుడు బ్రిటిష్ రెసిడెన్సీ కింద ఉండేది. 1933 దాకా అక్కడి బజార్ల మీద నిజాం అధికారం నేరుగా నడవలేదు. 1901లో స్థాపించిన శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం అనే గ్రంథాలయం సుల్తాన్ బజార్‌లోనే ఉంది. కొమర్రాజు లక్ష్మణరావు, మునగాల రాజా నాయని వెంకటరంగారావు, రావిచెట్టు రంగారావు వంటివారు తెలుగు పుస్తకం కోసం చేసిన ఆ పనికి నది ఈవలి ఒడ్డు కొంత ఊపిరినిచ్చిందని నేను అనుకుంటాను. అరగంట సమయం ఉంటే అఫ్జల్‌గంజ్ నుంచి గౌలిగూడ మీదుగా అటు వెళ్లి, ఆ నిలయం గుమ్మం చూసి తిరిగి రావచ్చు. లేదంటే అది మరో రోజు నడకగా పెట్టుకోండి. ఒకే రోజున రెండు ప్రశ్నలు కలిపితే రెండూ చెడుతాయి.

వంతెన దిగుతుంటే కుడి వైపు హైకోర్టు, ఎడమ వైపు కొంత దూరంలో సాలార్‌జంగ్ మ్యూజియం. వరద తరువాత 1909లో మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించారు. ఆయన సూచన ఫలితమే 1920లో పూర్తయిన ఉస్మాన్‌సాగర్, 1927లో పూర్తయిన హిమాయత్‌సాగర్ జలాశయాలు. 1912లో నగరాభివృద్ధి సంస్థ ఏర్పడి, నది ఒడ్డునూ ఇరుకు బస్తీలనూ తిరిగి తీర్చిదిద్దే పని మొదలుపెట్టింది. 1920 నాటి హైకోర్టు, దాని పక్క సిటీ కాలేజీ, అవతలి ఒడ్డున ఆసుపత్రి, ఈ మూడింటి రూపకల్పనలో ఆంగ్ల వాస్తుశిల్పి విన్సెంట్ ఎష్ చెయ్యి ఉంది. ఇవన్నీ విడివిడిగా చూస్తే మూడు పాత భవనాలు. చింతచెట్టు కింద నుంచి నడిచి వచ్చినవారికి మాత్రం, మునిగిపోయిన ఊరు తన నది ఒడ్డున మళ్లీ నిలబడిన తీరు వాటిలో కనిపిస్తుంది.

ఈ దారిలో నాకు అన్నింటికంటే ఇష్టమైన చోటు మదీనా చౌరస్తాకు దగ్గరలోని బాద్‌షాహీ ఆషూర్‌ఖానా. ఇక్కడికి వచ్చేవారు చాలా తక్కువ. మొహర్రంలో పీర్లను నిలిపే ఈ మందిరాన్ని నగరం కట్టిన కొద్ది ఏళ్లకే మహమ్మద్ కులీ కుతుబ్‌షా కట్టించాడు. గోడల మీది మెరుగు పలకల పని 1611 నాటిది. చెప్పులు బయట విడిచి, తల మీద గుడ్డ వేసుకొని, లోపల ఉన్న పెద్దమనిషిని అడిగి వెళ్లాలి. పసుపు, ముదురు నీలం, ఆకుపచ్చ, తెలుపు పలకలతో గోడల నిండా పీర్ల ఆకారాలు, తీగలు. దగ్గరికి వెళ్లి కింది భాగం చూడండి. ఒక ఎత్తు దాకా రంగులలో మెరుపు లేదు, గీతల అంచులు వంకరగా ఉన్నాయి. దాని పైనుంచి నాలుగు వందల ఏళ్ల నాటి పలకల మెరుపు మొదలవుతుంది. 1908 వరద నీటిలో కింది పలకలు పాడైపోతే, ఆ చోటును తరువాత రంగులతో పూరించారు. పెదనాయన గోడను తాకకుండా, అరచేతిని ఆ గీతకు సమంగా గాలిలో నిలిపి, తరువాత అదే ఎత్తులో చేతిని తన మీదికి తెచ్చుకొని చూసుకున్నారు. "గిక్కడి దాంక వచ్చినయా నీళ్లు" అన్నారు. వరద వచ్చినప్పుడు పొలం గట్టు మీద నిలబడి నీటి మట్టం కొలిచే అలవాటు ఆ చేతిలో ఉంది. ఆయనకు నేను చెప్పవలసింది ఏమీ మిగలలేదు.

అక్కడి నుంచి పత్తర్‌గట్టి. పేరులోనే రాయి ఉంది. నగరాభివృద్ధి సంస్థ రోడ్డును వెడల్పు చేసి, రెండు వైపులా ఒకే ఎత్తున, ఒకే తీరున కట్టిన రాతి కమానుల వరుస అది. కింద దుకాణాలు, పైన నివాసాలు. మొజంజాహీ మార్కెట్‌లో చూసిన రాతి పనిని ఇప్పుడు గుర్తు తెచ్చుకోండి. ముత్యాలు, బట్టలు, అత్తరు అమ్మే ఈ వరుసలో బోర్డుల వెనుక కమానుల అందం సగం దాక్కుంది కాబట్టి, రోడ్డుకు ఈవలి వైపు నిలబడి అవతలి వైపు పై అంతస్తు చూడటం మంచిది. ఎడమ వైపు ఛత్తా బజార్ సందులో పెళ్లి పత్రికలు అచ్చువేసే దుకాణాలు ఉన్నాయి, ఉర్దూ అక్షరాన్ని చేత్తో రాసే లేఖకులు ఇంకా కొందరు మిగిలారు.

దారి అడగడంలో ఒక కిటుకు ఉంది. ఫోన్‌లో కనిపించే రోడ్డు పేరు చెప్తే ఇక్కడ ఎవరికీ తెలియదు. కమాన్ పేరు చెప్పి అడగండి. పత్తర్‌గట్టి చివర మచ్లీ కమాన్, దాని తరువాత గుల్జార్ హౌజ్ అనే గుండ్రని నీటి తొట్టి, దానికి తూర్పున కాలీ కమాన్, పడమట మిట్టీ కా షేర్ అని పిలిచే కమాన్, దక్షిణాన చార్మినార్ కమాన్. 1590ల నాటి ఈ నాలుగు కమానులే చార్ కమాన్. గల్లా పెట్టె దగ్గర కూర్చున్న యజమానిని కాకుండా, తోపుడు బండి లాగేవారిని, చాయ్ గ్లాసులు మోసే పిల్లవాణ్ని అడగండి. వారు రోజంతా నడిచేవారు కాబట్టి సందులు వారికే తెలుసు. "సీదా పోయి కమాన్ కాడ బాజూకు తిరుగు" అన్న జవాబులో సగం ఉర్దూ, సగం తెలుగు ఉంటాయి, దారి మాత్రం తప్పదు.

చార్ కమాన్ సందుల్లో వెండి రేకు కొట్టే చప్పుడు వినిపిస్తే ఆగండి. మిఠాయిల మీద, తాంబూలం మీద అతికించే వరఖ్ అది. చిన్న వెండి ముక్కలను తోలు పుస్తకం మడతల్లో పెట్టి, నేల మీద చతికిలబడి, గంటల తరబడి ఒకే లయలో సుత్తితో కొడతారు. పుస్తకం విప్పినప్పుడు ఊపిరి తగిలితే చిరిగిపోయేంత పలచని రేకు బయటపడుతుంది. యంత్రాలు వచ్చాక ఈ పని చేసేవారు తగ్గిపోయారు. బండిలో వెళ్లేవారికి ఈ చప్పుడు వినిపించే అవకాశమే లేదు.

సమయం గురించి కొంత చెప్పాలి. పాతబస్తీ ఆలస్యంగా మేలుకుంటుంది; దుకాణాలు తెరిచేసరికి పదకొండవుతుంది. రాతి పని చూడాలనుకునేవారు ఏడు గంటలకే బయలుదేరాలి, మనుషులను చూడాలనుకునేవారు సాయంత్రం వెళ్లాలి. నా సలహా అయితే, ఒకే దారిని రెండుసార్లు నడవమని. శుక్రవారం మ్యూజియమూ చౌమహల్లా ప్యాలెస్సూ మూసి ఉంటాయి, మక్కా మసీదు దగ్గర మధ్యాహ్నం నమాజుకు రద్దీ ఉంటుంది. బూట్ల కంటే చెప్పులు మేలు, విడవవలసిన చోట్లు ఎక్కువ. ఆడవారికి అసలు కష్టం మరుగుదొడ్డి. మెట్రో స్టేషన్‌లో ఒకసారి, మ్యూజియంలో ఒకసారి అని ముందే లెక్క వేసుకొని బయలుదేరడం నేను అలవాటు చేసుకున్నాను. ఈ భయంతో దారంతా నీళ్లు తాగకుండా నడిచే ఆడవాళ్లను చూశాను. రోజూ లక్షల మంది వచ్చిపోయే బజారులో ఈ కనీస వసతికి వెతుక్కోవలసి రావడం అన్యాయం.

నగరం ఇప్పుడు పడమటికి, ఐటీ కంపెనీల వైపు జరిగిపోయింది కదా, పాత దారిలో నడిచి చూసేది ఏముందని మా ఆఫీసులో ఒక మిత్రురాలు అడిగింది. ఆ పడమటి వైపే ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ ఉన్నాయి. ఆమె రోజూ ఆఫీసుకు వెళ్లే దారిలో వర్షం పడితే ఆ నీరు ఎటు పోతుందో, ఎక్కడ ఆగుతుందో, ఆగనిస్తే ఏమవుతుందో ఆలోచించవలసింది ముందుగా అక్కడి వారే. పోయిన నెల ఆమెను చింతచెట్టు దగ్గరికి తీసుకువెళ్లాను. ఇప్పుడు తన కాలనీ పక్కన పూడిపోయిన నాలా పాత దారి ఎక్కడుందో వెతుకుతూ ఆదివారాలు నడుస్తోంది.

ఆ రోజు పెదనాయన చార్మినార్‌ను కింద నుంచి చూశారు. పైకి మెట్లు ఎక్కడానికి కన్ను ఇంకా మానలేదు. నాలుగు కమానుల నడుమ నిలబడి నాలుగు దిక్కులా ఒకసారి తిరిగి చూసి, చాయ్ తాగి, "ఇగ పోదాం" అన్నారు. ఆటో పిలవబోతే వద్దన్నారు. వచ్చిన దారినే నయాపూల్ దాకా నడిచాము. ఈసారి ఆయన తూర్పు వైపు పిట్టగోడ దగ్గర ఆగారు, నీరు పోయే వైపు.

"పట్నంల పెద్ద వాన కొడితే మాకు గేట్లు లేపుతరని మైకుల చెప్తరు" అన్నారు. "ఎవల వాన మా మీద వడ్డదో అనుకునేటోన్ని. గీడికెల్లి వస్తదన్నమాట."

సూర్యాపేట బస్సు ఎక్కవలసిన మహాత్మాగాంధీ బస్ స్టేషన్ మూసీ పాయల నడుమ ద్వీపం మీదే ఉంది. అక్కడికి కూడా నడిచే వెళ్లాము. బస్సుకు ఇంకా గంట సమయం ఉన్నా ఆయన బెంచీ మీద కూర్చోకుండా, ప్లాట్‌ఫారం చివరికి వెళ్లి నది కనిపించే చోటు వెతుక్కొని అక్కడ నిలబడ్డారు.